పట్టనంత లెక్క: అడంగలు నుంచి హాస్కెల్ వరకు

తణుకు తాలూకా 1904లో గోదావరి జిల్లా నుంచి కృష్ణాకు, 1925లో ఏలూరు కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరికి మారినా, ఆ తాలూకాలోని అత్తిలి వంటి గ్రామాల్లో కరణం లెక్కల తీరు పెద్దగా మారలేదు. జూలై 1న మొదలై జూన్ 30న ముగిసే ఫసలీ సంవత్సరానికి ఒక అడంగలు, అంటే సర్వే నంబరు వారీగా సాగుదారు, పైరు, విస్తీర్ణం, నీటి ఆధారం చూపే పుస్తకం, కొత్తగా సిద్ధమయ్యేది. పాత ఫసలీ పుస్తకం పాతదిగానే ఉండేది.

ఊరి పొలాలన్నీ ఒకేసారి ఎవరికీ గుర్తుండవలసిన పని లేదు. పుట అడుగున తేలిన మొత్తాన్ని తరువాతి పుట పైకి తెచ్చుకుంటూ పోతే చివరికి గ్రామ మొత్తం తేలుతుంది. ఏటా శిస్తును ఖరారు చేసే జమాబందీలో గ్రామాల మొత్తాలు కలిసి తాలూకా లెక్క అయ్యేది.

ఒకసారి ఏర్పడిన విలువను మార్చకుండా కొత్త విలువను కట్టే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్, మెమరీలో పట్టని దత్తాంశాన్ని ఇదే క్రమంలో నడుపుతుంది. జాన్ మెకార్తీ 1958లో ప్రారంభించిన లిస్పుతో ఈ సంప్రదాయం మొదలుకాగా, అవసరం పడినప్పుడే విలువను లెక్కించే లేజీ ఎవాల్యుయేషన్‌ను 1976లో హెండర్సన్, మోరిస్ ఒకవైపు, ఫ్రీడ్‌మన్, వైజ్ మరోవైపు ప్రతిపాదించారు. 1990లో వచ్చిన హాస్కెల్ భాష దానినే పునాదిగా చేసుకుంది. అంతులేని జాబితాను కూడా వరుస తరువాత వరుసగా చదివి, నడుస్తున్న మొత్తాన్ని మాత్రమే ఉంచుకోవచ్చు. అయితే జాబితా మొదలును ప్రోగ్రాము ఎక్కడైనా పట్టుకొని ఉంటే, చదివేసిన వరుసలేవీ విడుదల కాక మెమరీ నిండిపోతుంది. దత్తాంశాన్ని అనేక యంత్రాలకు పంచి, ఫలితాలను కూర్చే మ్యాప్‌రెడ్యూస్‌ను గూగుల్ 2004లో ప్రకటించినప్పుడు, దాని ప్రేరణ లిస్పు వంటి భాషల నుంచే వచ్చింది.

పొలం పంచుకున్నప్పుడు 12వ నంబరు 12/1, 12/2గా చీలుతుంది. ఆ నంబరు పటం ఒక్కటే మారుతుంది గాని పక్క నంబర్ల పటాలు యథాతథంగా ఉంటాయి. ఫంక్షనల్ భాషల్లోనూ మారిన కొమ్మను మాత్రమే కొత్తగా కట్టి, మిగిలిన నిర్మాణాన్ని పాత, కొత్త రూపాలు రెండూ పంచుకుంటాయి.

వంశపారంపర్య కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. 2015లో మీభూమి వెబ్‌సైటుతో అడంగలు తెరమీదికి వచ్చింది. అడంగలు, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పద్ధతులు రెండూ వేరుపడేది పాతదాన్ని వదిలే చోటే: ఎవరూ సూచించని విలువను గార్బేజ్ కలెక్టర్ చెరిపి చోటు ఖాళీ చేస్తుంది, కాని భూమి తగాదా ఎప్పుడు కోర్టుకెక్కి ఏ ఫసలీ పుటను సాక్ష్యంగా అడుగుతుందో ముందుగా తెలియదు కనుక రికార్డు గది దానిని అంత తేలికగా చెరపలేదు.