విడిభాగాల చరిత్ర

మేముండే పేట పేరు కార్ఖానా. ఫారసీలో 'కార్' అంటే పని, 'ఖానా' అంటే ఇల్లు. పనిల్లు అన్నమాట. జూబిలీ బస్‌స్టేషన్ దాటి తిరుమలగిరి వైపు వెళ్లే బస్సుల్లో ఇన్నేళ్లుగా వింటున్న ఈ మాటలో పనీ ఉంది, ఇల్లూ ఉంది అన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు. 2023 వేసవిలో మా భోజనాల బల్లమీద అట్టపెట్టె బోర్లించి, దానిమీద మదర్‌బోర్డు పెట్టుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నప్పుడు తట్టింది.

ముందే చెప్పేస్తాను. ఆ కంప్యూటర్ పరిశోధన కోసం కాదు, డీటీపీ కోసం కాదు. ఆటలాడుకోవడానికి. సాహిత్యంలో డాక్టరేట్ తీసుకుని, ముప్పై దాటిన స్త్రీ వీడియో గేముల కోసం అరవై అయిదు వేలు ఖర్చు పెడుతోందంటే మా అమ్మే నమ్మలేకపోయింది. "ఆ డబ్బుతో రెండు గాజులు చేయించుకోరాదూ" అంది. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ - అందరూ సీటీసీ అంటారు - కంప్యూటర్ విడిభాగాలకి మన జంటనగరాల్లో పెట్టింది పేరు. అక్కడ నేను వెళ్లిన మొదటి దుకాణంలో, నా చీటీ చదివిన అబ్బాయి ఎంతో మర్యాదగా "బాబు ఏం చదువుతున్నాడు మేడం?" అని అడిగాడు. నాకు బాబు లేడు. రెండో దుకాణంలో "సార్‌ని ఒకసారి ఫోన్లో మాట్లాడించండి" అన్నారు. సారూ లేడు. మూడో దుకాణంలో చీటీ చూసి ధరలు వేసి ఇచ్చారు. అక్కడే కొన్నాను.

అసలు ఆడవాళ్లకి ఆట కొత్తదా? మా అమ్మమ్మ నట్టింట్లో సుద్దముక్కతో గడులు గీసి అష్టాచెమ్మా ఆడేది. చింతగింజల్ని గచ్చుమీద ఒకవైపు అరగదీస్తే లోపలి తెలుపు తేలుతుంది. అలాంటి నాలుగు గింజలే పాచికలు. పగిలిన గాజుముక్కలు పావులు. వామనగుంటలకి చెక్కపీట ఉంటే సరే, లేకపోతే నేలలోనే గుంటలు. బల్ల, పాచికలు, పావులు... మూడూ సొంతంగా 'అసెంబుల్' చేసుకున్నవే! కాకపోతే ఆ ఆటకి ఒక హద్దు ఉండేది. అందరి భోజనాలూ అయ్యి, అంట్లు తోమడం అయ్యి, సాయంత్రం టీకి ఇంకా వేళ కాని ఆ గంటన్నరే ఆట. అరుగుమీద మగవాళ్ల పేకాటకి ఈ లెక్క ఉండేది కాదు.

1984లో కేంద్ర ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చి దిగుమతి సుంకాలు తగ్గించాక, 90లలో మన మధ్యతరగతి ఇళ్లలోకి 'అసెంబుల్డ్ పీసీ' వచ్చింది. ఎక్కడికి వచ్చింది? అన్నయ్య గదిలోకి. మా ఇంట్లోనూ అంతే. ఇది మన ఇళ్ల సంగతే అనుకునేదాన్ని. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ విద్యార్థుల మీద జేన్ మార్గోలిస్, అలెన్ ఫిషర్ చేసిన అధ్యయనం 2002లో పుస్తకంగా వచ్చింది. అక్కడి ఇళ్లలోనూ కంప్యూటర్ ఎక్కువగా కొడుకు గదిలోకే చేరిందని అందులో చదివి నిట్టూర్చాను.

సరే, విడిభాగాలు. చీటీకి ముందువైపు ధరలు, వెనకవైపు నా పరిశోధన బుద్ధి కొద్దీ ఆ భాగం ఎక్కడ, ఎవరి చేతుల్లో తయారైందన్న వివరాలు రాసుకుంటూ పోయాను. ముందువైపు ఒక పేజీలో అయిపోయింది. వెనకవైపుది నోటుపుస్తకం అయింది.

మొదట ప్రాసెసర్. ఇంటెలా, ఏఎండీయా అన్న వాదన మన ఇళ్లలో కాఫీయా, టీయా లాంటిది. నేను ఏఎండీ రైజెన్ 5 5600 తీసుకున్నాను. ఆ కంపెనీకి 2014 నుంచి లీసా సూ అనే స్త్రీ అధిపతి కదా, అందుకా అని ఒక స్నేహితురాలు అడిగింది. అందుకు కాదు. సాకెట్ కోసం. 2017 నాటి ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి, బయోస్ మార్చుకుంటే చాలు, 2020 తర్వాతి ప్రాసెసర్లు కూడా సరిపోతాయి. బోర్డు పారేయకుండా మెదడు మార్చుకోవచ్చు. పొదుపు తెలిసిన ఇల్లాలికి అంతకన్నా ఏం కావాలి! పై కుర్చీలో స్త్రీ ఉన్నంత మాత్రాన కింద బల్ల దగ్గర కూర్చున్న స్త్రీకి ఏం మారుతుందన్నది వేరే ప్రశ్న.

ఆ కింది బల్ల మలేసియాలోని పెనాంగ్‌లో ఉంది. నా ప్రాసెసర్ మూతమీద మలేసియా పేరే ఉంది. 1972లో ఇంటెల్, ఏఎండీ రెండూ అక్కడ ఫ్యాక్టరీలు పెట్టాయి. తూర్పుదేశాల ఆడవాళ్ల చేతివేళ్లు సన్నవి, చురుకైనవి, వాళ్లు సహనవంతులు అని విదేశీ కంపెనీలకి మలేసియా ప్రభుత్వమే ప్రచారం చేసుకుంది. పల్లెల నుంచి వచ్చిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయిలు సూక్ష్మదర్శినిలోకి వంగి, వెంట్రుక కన్నా సన్నని తీగెల్ని చిప్పులకి అతికించేవారు. కొన్నేళ్లకే కళ్లు దెబ్బతినేవి.

1970లలో ఆ దేశపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో ఒక వింత జరుగుతూ వచ్చింది. ఉన్నట్టుండి ఒకమ్మాయి కేక పెట్టేది. సూక్ష్మదర్శినిలో దయ్యం కనిపించిందనేది. పక్కమ్మాయికి పూనేది, ఆ పక్కమ్మాయికి పూనేది. పని ఆగిపోయేది. యాజమాన్యం మాంత్రికుల్ని పిలిపించి మేకని బలి ఇప్పించిన సందర్భాలున్నాయి. మానవశాస్త్రవేత్త ఐహ్వా ఓంగ్ 1987లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేదు. యూనియన్ పెట్టుకోనివ్వని చోట, ఎదురు మాట్లాడనివ్వని చోట శరీరాలు ఎంచుకున్న ప్రతిఘటన ఇది అంది. ఏటా ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో పూనకాలు, రంగం చూసే మనకి ఈ మాట చప్పున అర్థమవుతుంది. మామూలు రోజుల్లో ఎవరూ లక్ష్యపెట్టని స్త్రీ పచ్చికుండ మీద నిలబడి మాట్లాడితే ఆ రోజు మంత్రులు కూడా చేతులు కట్టుకుని వింటారు. తేడా ఏమిటంటే ఇక్కడ అమ్మవారి మాట అన్నారు, అక్కడ హిస్టీరియా అన్నారు.

తర్వాత ర్యామ్. ఇక్కడే నేను వారం రోజులు ఆగిపోయాను.

కంప్యూటర్ జ్ఞాపకం అన్నది మొదట్లో అక్షరాలా అల్లిక. ఆవగింజంత ఫెర్రైట్ రింగుల్లోంచి రాగి తీగెలు నిలువుగా, అడ్డంగా దూర్చి చేసేవారు. ప్రపంచమంతటా ఆ పని ఎక్కువగా స్త్రీలదే. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్ ప్రోగ్రాముల్ని కూడా మసాచుసెట్స్‌లో స్త్రీలు తీగెలతో అల్లారు. 1965 నుంచి 1975 దాకా ఫెయిర్‌చైల్డ్ కంపెనీ షిప్‌రాక్‌లో నవాహో ఆదివాసీ స్త్రీలతో చిప్పులు చేయించింది. వాళ్లు తివాచీలు నేస్తారు గనక చిప్పులు కూడా సహజంగానే చేసేస్తారని 1969లో కంపెనీ కరపత్రం వేసింది! నైపుణ్యాన్ని 'సహజం' అనేస్తే దానికి జీతం పెంచక్కర్లేదు. మనకి తెలియని కథా ఇది? పోచంపల్లి చీర నేసేది 'నేతగాడు'. దానికి ఆసు పోసేది, చెయ్యి పైకీ కిందికీ వేలసార్లు ఆడించి భుజం అరగదీసుకునేది ఇంటావిడ. ఆమెది 'సాయం'. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసి దానికి తల్లి పేరు లక్ష్మి అని పెట్టాడు. యంత్రాల చరిత్రలో ఇది అరుదు. మన ఇసిఐఎల్ 1967లో పుట్టి, 1969లో టీడీసీ-12 కంప్యూటర్ ఇచ్చింది. దాని తొలి సారథి ఏ.ఎస్.రావు పేరుమీద ఒక నగరే ఉంది, ఉండాలి కూడా. తీగెలు అతికించిన చేతుల పేరుమీద మాత్రం కాలనీలు వెలియవు.

ఇక నేను ఆగిపోయిన చోటు. హ్వాంగ్ యూ-మి అనే అమ్మాయి 2003లో కొరియాలోని గిహుంగ్‌లో శాంసంగ్ సెమీకండక్టర్ ఫ్యాక్టరీలో చేరింది. సిలికాన్ బిళ్లల్ని రసాయనాల్లో ముంచి తీసే పని. 2005లో రక్తక్యాన్సర్ బయటపడింది. ఆమె చేసిన చోటే చేసిన మరో స్త్రీ అదే జబ్బుతో 2006లో చనిపోయింది. 2007 మార్చిలో ఆస్పత్రి నుంచి తిరిగి వస్తూ, తండ్రి నడిపే టాక్సీ వెనక సీట్లో యూ-మి చనిపోయింది. ఇరవై రెండేళ్లు. తండ్రి హ్వాంగ్ సాంగ్-గి ఊరుకోలేదు. మిగతా బాధితుల్ని వెతికి, కలుపుకుని పోరాడాడు. ఇది పనివల్ల వచ్చిన జబ్బేనని 2011లో కోర్టు ఒప్పుకుంది, 2014లో పై కోర్టు ఖాయం చేసింది. కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పి పరిహార ఒప్పందం మీద సంతకం పెట్టింది 2018 నవంబర్‌లో.

అయితే శాంసంగ్ కొనకుండా ఉంటే సరిపోతుందా? ప్రపంచంలో డీర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలవే. ర్యామ్ కర్ర మీద రంగురంగుల స్టిక్కర్ ఎవరిదైనా లోపల చిప్పు సాధారణంగా ఈ మూడింట్లో ఒకరిది. ఏ కంపెనీ చిప్పు ఉందో అట్టపెట్టె మీద రాయరు. బహిష్కరిద్దామంటే దేన్ని బహిష్కరిస్తున్నామో తెలియని బజారు ఇది. వారం రోజులు మథనపడి చివరికి రెండు 8 జీబీ కర్రలు కొన్నాను. (ఒక్క 16 కన్నా రెండు 8లు మేలు, రెండు దారుల్లో సమాచారం పోతుంది కనక వేగం ఎక్కువ.) దోషభావం పోయిందని చెప్పను.

గ్రాఫిక్స్ కార్డు గురించి అందరూ పెద్ద చర్చ చేస్తారు. బడ్జెట్‌లో మూడో వంతు దానికి పెట్టాలి, క్యాబినెట్‌లో పట్టేంత పొడవో కాదో కొలుచుకోవాలి - అంతే. అంతకన్నా ముఖ్యం ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు చవకగా అంటగట్టే ఎస్ఎంపీఎస్ వద్దనండి. మొత్తం ఇంటికి కరెంటు పోసేది అదే.

చదువుతూ పోతే కొన్ని పేర్లు కూడా దొరికాయి. 1980లో 'మిస్టరీ హౌస్' ఆట సృష్టించిన రాబర్టా విలియమ్స్, 1982లో 'రివర్ రెయిడ్' రాసిన కేరల్ షా. సంతోషమే. కానీ 'తొలి మహిళ' జాబితాలతో మనం తృప్తిపడితే పేర్లు మిగల్చని వాళ్ల సంగతేమిటి? 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు వాళ్లు దస్తావేజులు వెతికి ఆగిపోలేదు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని విన్నారు. నేను పెనాంగ్ వెళ్లలేను. కానీ మా ఎదురు వాటాలో ఆంటీ ఉంది.

డెబ్భై దాటిన ఆంటీ, 80లలో నగరంలోనే ఒక టీవీల ఫ్యాక్టరీలో బోర్డులకి సోల్డరింగ్ చేసింది. పదేళ్లుగా పక్కపక్కన ఉంటున్నాం. ఈ విషయం నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బల్లమీద మదర్‌బోర్డు చూసి, తిప్పి పట్టుకుని, అడుగున టాంకాల వరుస మీద కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. "ఇప్పుడు మిషిన్ పెడతది గదా. మేమైతే ఒక్కొక్కటి చేత్తోనే" అంది. అప్పటి సోల్డర్‌లో సీసం ఉండేది. యూరప్‌లో దానిమీద ఆంక్షలు 2006లో వచ్చాయి. రోజిన్ పొగ ముక్కులోకి పోకుండా కొంగు అడ్డం కట్టుకునేవారట. ఆ పొగ ఉబ్బసానికి దారితీస్తుందని వృత్తివ్యాధుల వైద్యం గుర్తించింది. ఆంటీ బొడ్డుసంచిలో ఇన్‌హేలర్ ఉంటుంది. అది ఆ పొగవల్లేనని ఆమెకి ఏ డాక్టరూ రాసివ్వలేదు, ఆమే ఎవర్నీ అడగలేదు. "అందరం ఆడపిల్లలమే. లంచ్‌ల మస్తు నవ్వుకునేటోళ్లం" అని మాత్రం రెండుసార్లు చెప్పింది.

అన్నీ బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర మీద ఏమీ రాలేదు. గంటసేపు తిప్పలు పడ్డాను. తీగెలన్నీ విప్పి మళ్లీ పెట్టాను. ఆంటీ టీగ్లాసు పక్కన పెట్టి, కరెంటు తీసెయ్యమని, లోపలికి వంగి చూసి, రెండో గాడి, నాలుగో గాడిలో ఉన్న ర్యామ్ కర్రల్ని వేలితో తాకింది.

"ఇది కూసోలే బిడ్డా. గట్టిగ ఒత్తు, పువ్వు గాదది. రెండు దిక్కుల టిక్కు మనాలె."

నేను భయపడుతూ ఉంటే తనే రెండు బొటనవేళ్లతో నొక్కింది. టిక్కుమంది. ఈసారి తెరమీద అక్షరాలు వచ్చాయి, 16 జీబీ అని లెక్క చూపించింది.

మెక్సికో రోడ్లమీద కార్లు నడిపే ఆట ఒకటి ఎక్కించాను. స్కూటర్ కూడా నడపని ఆంటీ రోజూ అయిదింటికి వచ్చి తలుపు తడుతుంది. పందెంలో పాల్గొనదు, కారుని రోడ్డు దింపి పొలాల్లోంచి, మొక్కజొన్న చేలల్లోంచి పోనిస్తుంది. అడ్డం వచ్చిన కంచెల్ని విరగ్గొడుతుంది. నా వంతు వచ్చేసరికి ఏడున్నర అవుతోంది.