స్టాండెజ్ కాలువ సొరంగం

ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో పెన్నైన్ కొండల కింద, మార్స్‌డెన్, డిగిల్ గ్రామాల మధ్య పడవల రాకపోకల కోసం తవ్విన సొరంగం ఇది. హడర్స్‌ఫీల్డ్ నారో కెనాల్‌లో భాగం. పొడవు సుమారు 5.2 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 196 మీటర్ల ఎత్తున ఉంటూనే, కొండ శిఖరానికి దాదాపు 194 మీటర్ల దిగువన సాగుతుంది. బ్రిటన్‌లోని కాలువ సొరంగాల్లో ఇంతకంటే పొడవైనదీ, ఎత్తైన చోట ఉన్నదీ, లోతుగా సాగేదీ మరొకటి లేదు. 1794లో పని మొదలైతే 1811లో గానీ పూర్తి కాలేదు. ఇంత పెద్ద నిర్మాణమూ చాలా మేర ఒకే ఒక్క సన్నపడవ పట్టేంత ఇరుకు. దాని మంచిచెడ్డలన్నీ ఆ ఇరుకు చుట్టూనే తిరిగాయి.

నేపథ్యం

యార్క్‌షైర్ ఉన్ని మిల్లులనూ లాంకషైర్ నూలు మిల్లులనూ కలిపే నీటిదారి కోసం 18వ శతాబ్దం చివర వ్యాపారులు పోటీపడ్డారు. రాచ్‌డేల్ కాలువ, లీడ్స్–లివర్‌పూల్ కాలువ అప్పటికే రంగంలో ఉన్నాయి. హడర్స్‌ఫీల్డ్ నుంచి ఆష్టన్ వరకు 32 కిలోమీటర్ల దగ్గరిదారి వేస్తే ఆ రెండింటినీ మించవచ్చని హడర్స్‌ఫీల్డ్ కాలువ కంపెనీ లెక్క వేసుకుంది. 1794లో పార్లమెంటు అనుమతి ఇచ్చింది. కాలువ ఒకవైపు 42 లాకులు ఎక్కి, రెండోవైపు 32 లాకులు దిగాలి. ఆ మధ్యనున్న కొండను దాటడానికి సొరంగం ఒక్కటే మార్గం.

తవ్వకం

ఇంజనీరు బెంజమిన్ అవుట్రమ్ ఐదేళ్లలో పని ముగుస్తుందని అంచనా వేశాడు. పట్టింది పదిహేడేళ్లు. రెండు కొసల నుంచే కాక, కొండ మీద నుంచి నిలువు బావులు దింపి, వాటి అడుగు నుంచి కూడా తవ్వారు. ఇసుకరాయిని చేతి ఉలులతో తొలిచి, ఆ రంధ్రాల్లో మందుగుండు కూరి పేల్చేవారు. పగిలిన రాయిని బుట్టల్లో పైకి లాగేవారు. అయితే, ఊహించినదానికంటే ఎక్కువ నీరు ఊరడంతో, తోడి పోయడానికి ఆవిరి యంత్రాలు పెట్టవలసి వచ్చింది. డబ్బు చాలక పని పలుమార్లు కుంటుపడింది. 1799 వరదలు అప్పటికి కట్టిన కాలువ భాగాలను దెబ్బతీశాయి. 1801లో అవుట్రమ్ తప్పుకున్నాడు.

వేర్వేరు చోట్ల తవ్విన ముక్కలకు పొంతన కుదరదేమోనన్న అనుమానం తర్వాత తలెత్తింది. కంపెనీ మరో ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ సలహా కోరింది. ఆయన 1807లో ఇచ్చిన ప్రణాళిక ప్రకారం మిగిలిన పని సాగింది. 1809లో రెండు వైపులా కలిశాయి. 1811 ఏప్రిల్‌లో సొరంగం తెరుచుకుంది. ఖర్చు లక్షా ఇరవై వేల పౌండ్లు దాటింది. బ్రిటన్‌లో మరే కాలువ సొరంగానికీ అంత ఖర్చు కాలేదు. తవ్వకంలో యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారని అంచనా. ప్రారంభోత్సవం గురించి రాసేటప్పుడు ఆ సంఖ్యను విడిచిపెట్టకూడదు.

గట్టిరాయి ఉన్నచోట గోడలను అలాగే వదిలేశారు. రాయి వదులుగా ఉన్నచోట ఇటుక కట్టుబడి చేశారు. అందుకే లోపల కొంత దూరం గరుకు బండ, కొంత దూరం నున్నని ఇటుక కమాను కనిపిస్తాయి.

కాళ్లతో తన్ని నడిపిన పడవలు

గోదావరి డెల్టా కాలువల్లో మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవలు లాగినట్టే, ఇంగ్లండ్ కాలువల్లో గుర్రాలు లాగేవి. సొరంగంలోనూ గుర్రం నడిచే బాట వేయాలంటే మరింత వెడల్పుగా తవ్వాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కంపెనీ బాట మానేసింది. దాంతో గుర్రాన్ని విప్పి కొండ మీదుగా అవతలి కొసకు నడిపించుకు వెళ్లేవారు. పడవను మనుషులే కాళ్లతో నడిపేవారు. సరుకు మీదనో, అడ్డంగా వేసిన పలక మీదనో వెల్లకిలా పడుకొని, పాదాలను సొరంగం గోడకు ఆనించి, చీకట్లో అడుగు తర్వాత అడుగు తన్నుకుంటూ పోవాలి. ఖాళీ పడవకు గంటా ఇరవై నిమిషాలు, నిండు పడవకు మూడు గంటలు పట్టేది. ఈ తేడాకు బరువొక్కటే కారణం కాదు. ఇరుకు సొరంగంలో పడవ ముందుకు కదలాలంటే ఎదురుగా ఉన్న నీరు దాని పక్కల నుంచి, అడుగు నుంచి వెనక్కి జారాలి. పడవ ఎంత మునిగితే ఆ సందు అంత తగ్గుతుంది. ఈ పనికే కూలికి కుదిరిన మనుషులు ఉండేవారు.

ఎదురెదురు పడవలు తప్పుకోవడానికి అక్కడక్కడ సొరంగాన్ని వెడల్పు చేశారు. కానీ ఎవరు వెనక్కి తగ్గాలన్న దగ్గర పడవవాళ్లకు పేచీలు వచ్చేవి. చివరికి ఒక కొసను గొలుసుతో మూసి, నిర్ణీత వేళల్లో ఒక దిక్కు నుంచే పడవలను వదిలే పద్ధతి పెట్టారు. రాచ్‌డేల్ కాలువలో పెద్ద పడవలు సాగుతుంటే, ఇక్కడ సన్నపడవలు వరుసలో వేచి ఉండేవి. తవ్వేటప్పుడు మిగిల్చిన డబ్బుకు మూల్యం ఆ తర్వాత ప్రతిరోజూ చెల్లించవలసి వచ్చిందనే చెప్పాలి.

రైలు మార్గాలు

1840లలో ఒక రైల్వే కంపెనీ కాలువను కొనేసింది. పక్కనే 1848లో ఒకటి, 1871లో మరొకటి, 1894లో జంట పట్టాలది ఇంకొకటి, మొత్తం మూడు రైలు సొరంగాలు వచ్చాయి. వాటిని తవ్వడానికి పాత కాలువే ఆసరా అయింది. మధ్యమధ్య అడ్డంగా దారులు తొలిచి, తవ్విన రాయిని దిగువనున్న పడవల్లోకి వేసి బయటకు తరలించారు. 1890లలో రైలు మార్గం విస్తరణకు వీలుగా డిగిల్ వైపు కాలువ సొరంగాన్ని మరికొంత పొడిగించారు. తన సరుకును లాక్కుపోయిన రైళ్లకు దారి తవ్విపెట్టడంలో ఈ కాలువ ఇంత పని చేసింది.

మూత, పునరుద్ధరణ

సరుకు రవాణా 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆగిపోయింది. 1944లో కాలువను అధికారికంగా వదిలేశారు. 1974లో స్థానికులు హడర్స్‌ఫీల్డ్ కెనాల్ సొసైటీగా ఏర్పడి, పూడిపోయిన లాకులను బాగుచేసే ఉద్యమం మొదలుపెట్టారు. సొరంగంలో పేరుకున్న బురద, రాళ్లు తీసి, వదులైన బండలను ఉక్కు బోల్టులతోనూ, చిమ్మిన కాంక్రీటుతోనూ బిగించారు. 2001లో పడవలు మళ్లీ నడిచాయి. మొదట్లో పొగ భయంతో పడవలను విద్యుత్ టగ్గులతో లాగేవారు. 2009 నుంచి శిక్షణ పొందిన తోడుమనిషిని ఎక్కించుకొని, సొంత ఇంజన్లతోనే వెళ్లనిస్తున్నారు. రైళ్లు ఇప్పుడు 1894 నాటి సొరంగంలోనే నడుస్తాయి. వాడకంలో లేని పాత రైలు సొరంగాలు, ప్రమాదం జరిగితే కాలువ సొరంగంలోకి చేరుకునే దారులుగా పనికొస్తున్నాయి.