అన్నిటికంటే కష్టమైన సీజను ఎవరిది?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అందరం కలిసి అరకు వెళ్ళాం. కారులో పోతే తొందరగా చేరిపోతాం కదా అన్నాను. "చేరి ఏటి చేస్తావురా, ల్యాప్‌టాప్ తీస్తావు, అంతేనా?" అన్నారు పెదనాన్న. ఇంక నోరు మూసుకుని కిరండూల్ పాసింజరు ఎక్కాను. ఆ దారిలో 58 సొరంగాలు ఉన్నాయంటారు. పిల్లలు ఒక్కోటీ లెక్కపెడుతూ, చీకటి పడగానే అరుస్తూ... ఆ అరుపుల మధ్యలోనే మొదలైంది ఈ గొడవ.

మొదలుపెట్టింది మా బావగారు. ఆయన డాలస్‌లో ఇరవయ్యేళ్ళ నుంచి ఉంటున్నారు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పూర్తిగా ఎక్కేసింది. అమెరికాలో ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, ఆగస్టు దాటితే ఆఫీసులో సోమవారం స్టాండప్ మీటింగులో సగం సేపు ఇదే మాట. ఎవరి జట్టు గెలిచింది అన్నదాని కంటే, ఎవరి షెడ్యూలు కష్టమైంది అన్నదాని మీదే ఎక్కువ కొట్టుకుంటారు. "మీ వాళ్ళు పదకొండు గెలిచారు సరే, ఎవరి మీద గెలిచారు?" అని. దానికి లెక్కలు కూడా ఉన్నాయి: మన ప్రత్యర్థుల గెలుపోటములు, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపోటములు, అలా ఒక మెట్టు కిందకి దిగి చూస్తారు. రికర్షన్ అన్నమాట :)

బావగారు చెప్పిన కథ మాత్రం భలే ఉంది. 1899లో టెనెసీ కొండల మీద సివానీ అని చిన్న కాలేజీ. ఆ జట్టు రైలెక్కి ఆరు రోజుల్లో అయిదు మ్యాచులాడింది. టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎమ్, టులేన్ వరసగా మూడు రోజులు, ఆదివారం విశ్రాంతి, మళ్ళీ ఎల్ఎస్‌యూ, ఓల్ మిస్. అయిదూ గెలిచింది. అయిదింట్లోనూ అవతలివాళ్ళకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఆ సీజను మొత్తం 12 మ్యాచులూ గెలిచేసింది.

"అలాంటిది మనవాళ్ళలో ఎవరిదైనా ఉందా?" అన్నారు బావగారు, బొడ్డవర దాటుతుండగా.

మనవాళ్ళంటే క్రికెట్టే కదా. మా మేనల్లుడు ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా, "2020-21 ఆస్ట్రేలియా టూరు. ఇంక డిస్కషన్ లేదు" అన్నాడు. వాడి వాదన తీసిపారేసేది కాదు. దుబాయ్, అబుదాబిల్లో ఐపీఎల్ బబుల్, అక్కణ్ణుంచి సరాసరి ఆస్ట్రేలియాలో క్వారంటైన్. అక్కడుండగానే 2020 నవంబరు 20న హైదరాబాదులో సిరాజ్ తండ్రి చనిపోయారు. ఆటో నడిపి కొడుకుని క్రికెటర్ని చేసిన మనిషి. ఇంటికి వెళ్ళే అవకాశం ఇచ్చినా సిరాజ్ ఉండిపోయాడు. ఆపైన అడిలైడ్‌లో 36 ఆలౌట్. కోహ్లీ ఇంటికి, షమీ ఆసుపత్రికి. సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి 161 బంతులాడి 23 నాటౌట్. బ్రిస్బేన్ వచ్చేసరికి అసలు బౌలర్లెవరూ మిగల్లేదు. రెండు టెస్టుల అనుభవం ఉన్న సిరాజే సీనియరు. రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. 1988 నుంచి ఆస్ట్రేలియా ఓడని మైదానంలో 328 కొట్టి గెలిచాం.

"బాగుంది. కానీ అది కష్టమైన షెడ్యూలా, కష్టమైన కాలమా?" అన్నాను నేను. నాలుగు టెస్టులు. మధ్యలో రోజుల గ్యాపు. పడిపోయినవాడి బదులు ఇంకొకణ్ణి దింపడానికి నెట్ బౌలర్లతో సహా పెద్ద జట్టు, ఫిజియోలు, డేటా అనలిస్టులు. గాయాలు షెడ్యూల్లో రాసి ఉండవు. వాడు మొహం మాడ్చుకుని మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు.

నా వోటు 1932కి. ఇంగ్లండులో మన మొదటి టెస్టు టూరు. ఇది చాలామంది లార్డ్స్‌లో ఒక్క టెస్టు ఆడి ఓడిపోయిన సంవత్సరంగానే గుర్తుపెట్టుకుంటారు. ఆ టెస్టు చుట్టూ ఏముందో చూడండి. మే నుంచి సెప్టెంబరు దాకా 26 ఫస్ట్ క్లాస్ మ్యాచులు. ఒక్కోటీ మూడ్రోజులు. అంటే కాగితం మీద 78 రోజుల ఆట. అవికాక చిన్నాచితకా మ్యాచులు వేరే. బుధ, గురు, శుక్రవారాలు ఒక ఊళ్ళో. రాత్రి రైలు. శని, సోమ, మంగళవారాలు ఇంకో ఊళ్ళో. మధ్యలో ఆదివారం ఒక్కటే సెలవు. వానలు, చలి, తిండి సరిపడకపోవడం ఇవన్నీ అదనం.

ఇక్కడ బావగారు మంచి పాయింటే పట్టుకున్నారు. "మరి ఇంగ్లండు కౌంటీ ఆటగాళ్ళు ఏటా అలాగే ఆడేవారు కదా? అందులో గొప్పేముంది?"

నిజమే. అసలు విషయం అక్కడే ఉంది. ఇంగ్లీషువాడికి అది రోజూ చేసే ఉద్యోగం. మనవాళ్ళకి? 1932 నాటికి రంజీ ట్రోఫీయే పుట్టలేదు (అది 1934-35లో మొదలైంది). బొంబాయి క్వాడ్రాంగులర్, మద్రాసు పొంగల్ మ్యాచు, ఎప్పుడైనా విదేశీ జట్టు వస్తే ఒకటో రెండో. ఏడాది మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టే మ్యాచులు. అలాంటివాళ్ళని తీసుకెళ్ళి నాలుగు నెలల్లో 26 ఆడమన్నారు. రోజుకి వంద రిక్వెస్టులొచ్చే సర్వరు మీద ఒక్కసారిగా పదివేలు వదిలినట్టు.

అయినా ఆ జట్టు కూలిపోలేదు. 9 గెలిచింది, 8 ఓడింది, 9 డ్రా. ఈ లెక్క మా మేనల్లుడికి చెప్తే నమ్మలేదు, అప్పటికప్పుడు వెతికి చూసుకున్నాడు (టన్నెల్లో సిగ్నల్ పోయి కాసేపు అవస్థపడ్డాడు కూడా).

ఆ 26లో 26 ఆడిన మనిషి కొఠారి కనకయ్య నాయుడు. మనందరి సీకే. నాగపూరులో పుట్టిన తెలుగువాడు, మూలాలు బందరువి. అప్పటికి వయసు 36. 1,618 పరుగులు, 65 వికెట్లు. బ్యాటింగూ ఆయనే, బౌలింగూ ఆయనే, కెప్టెన్సీ కూడా చాలాసార్లు ఆయనే. పేరుకి కెప్టెను పోరుబందరు మహారాజా. ఆయన పరుగుల కంటే ఆయన కార్లు ఎక్కువని అప్పట్లో జోకు. వైస్ కెప్టెను లింబ్డీ యువరాజు నడుం పట్టేయడంతో లార్డ్స్ టెస్టులో పగ్గాలు సీకే చేతికొచ్చాయి. రాజు కానివాడి కింద ఆడేదేమిటని ఆ ముందురాత్రి కొందరు ఆటగాళ్ళు తిరగబడ్డారని, మహారాజాని నిద్రలేపి మరీ గొడవపెట్టుకున్నారని చెప్పుకుంటారు. ఆ మనుషుల్నే పొద్దున్న వెంటేసుకుని మైదానంలోకి దిగితే ఇంగ్లండు 19 పరుగులకి 3 వికెట్లు! ఆ ఇంగ్లండు కూడా ఆషామాషీది కాదు. జార్డిన్, హామండ్, సట్‌క్లిఫ్, వోస్, బోస్... ఆ చలికాలమే ఆస్ట్రేలియా వెళ్ళి బాడీలైన్ ఆడొచ్చిన బ్యాచి. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా సీకే మొదటి ఇన్నింగ్స్‌లో 40 కొట్టాడు, జట్టులో అదే ఎక్కువ. 158 పరుగులతో ఓడిపోయాం.

ఇంకో లెక్క చెప్తాను. సీకే 1916లో మొదలుపెట్టి 1963 దాకా ఫస్ట్ క్లాస్ ఆడాడు. 1953-54లో ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీ ఆడినప్పుడు 58 ఏళ్ళ వయసులో ఆ జట్టుకి కూడా ఆడాడు. ఇంత సుదీర్ఘమైన కెరీర్లో మొత్తం 207 మ్యాచులు. అందులో 26, అంటే ఎనిమిదో వంతు, ఒక్క 1932 వేసవిలోనే. నలభై ఏడేళ్ళ ఉద్యోగంలో ఎనిమిదో వంతు పని ఒక్క ఎండాకాలంలో చేయించినట్టు! మీ ప్రాజెక్టు మేనేజరు ఇది చదవకుండా చూసుకోండి.

ఇంతసేపూ కిటికీలోంచి లోయ చూస్తున్న పెదనాన్న, "మరి 36 సంగతేటి?" అన్నారు.

నేను ఆ మాట రాకూడదనే అనుకుంటున్నాను. మాది విజయనగరం. పెదనాన్న అక్కడే మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 1936 టూరు అంటే విజ్జీ. విజయనగరం మహారాజకుమార్. మా ఊరి పరువు.

షెడ్యూలు పరంగా 1936 ఇంకా బరువు. 28 ఫస్ట్ క్లాస్ మ్యాచులు, టెస్టులు కూడా ఒకటి కాదు, మూడు. 4 గెలిచి 12 ఓడారు. అయితే ఆ సీజన్లో ప్రత్యర్థి జట్లన్నీ ఒక ఎత్తు, మన డ్రెస్సింగ్ రూము ఒక ఎత్తు. ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ చేసిన లాలా అమర్‌నాథ్‌ని, కెప్టెను మీద నోరు జారాడని మొదటి టెస్టు ముందు ఓడెక్కించి ఇంటికి పంపేశారు. మర్చంట్‌ని రనౌట్ చేయించమని తనకి చెప్పారని ముస్తాక్ అలీ మర్చంట్‌కే చెప్పేశాడంటారు. తరవాత ఆ ఇద్దరే మాంచెస్టర్లో మొదటి వికెట్‌కి 203 కొట్టారు! మూడు టెస్టుల్లో కెప్టెను గారి పరుగులు మొత్తం 33. టూరు మధ్యలోనే ఆయనకి సర్ బిరుదు వచ్చింది, అది వేరే సంగతి. తిరిగొచ్చాక బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బ్యూమాంట్ కమిటీ విచారణ చేసి, కెప్టెన్సీనే తప్పుపట్టింది.

ఇదంతా చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పానేమో.

పెదనాన్న కోప్పడలేదు. "1930-31లో హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ మన దేశం రప్పించినోడు ఎవడురా? అప్పుడు నీ బోర్డు దగ్గర డబ్బులున్నాయేటి? జట్టుని కట్టింది సొంత డబ్బుతో కాదేటి?" అన్నారు. అదీ నిజమే. హాబ్స్‌ ఆట చూడ్డం కోసం మనవాళ్ళు ఇంగ్లండు వెళ్ళక్కర్లేకుండా చేసిన మనిషి విజ్జీయే. ఇప్పటికీ యూనివర్సిటీ కుర్రాళ్ళు జోన్లవారీగా ఆడే టోర్నీ ఆయన పేరు మీదే ఉంది. ఫండింగు ఇచ్చినవాడు కోడింగు కూడా నేనే చేస్తానంటే వచ్చే చిక్కు మనకి తెలియంది కాదు. అలాగని ఫండింగే లేకపోతే ప్రాజెక్టే లేదు కదా.

"అయితే 1936 కష్టమైన షెడ్యూలా, కష్టమైన సీజనా?" అని మేనల్లుడు నా ప్రశ్న నాకే తిప్పికొట్టాడు. గడుసువాడు. కష్టమైన సీజను అని ఒప్పుకున్నాను. షెడ్యూలు ఎదుటివాడు వేస్తాడు, సీజను మాత్రం చాలావరకు మనం చేసుకునేదే. అందుకే రెండు మ్యాచులు తక్కువైనా నా వోటు 1932కే. అప్పుడు ఇంగ్లండులో నెలల తరబడి ఆడిన అనుభవం ఆ జట్టులో దాదాపు ఎవరికీ లేదు. 36 నాటికి సీకే లాంటివాళ్ళు ఒకసారి ఆ రాయి మోసొచ్చినవాళ్ళే.

బావగారు ఒప్పుకోలేదు. ఆయన 1967-68 అన్నారు. జయసింహ మీద అభిమానం, పుట్టింది సికింద్రాబాదులో మరి. ఆస్ట్రేలియాలో రెండు టెస్టులు ఓడాక ఫోను చేసి రమ్మంటే, విమానం దిగి, సరైన ప్రాక్టీసు లేకుండా బ్రిస్బేన్ టెస్టు ఆడి 74, 101 కొట్టాడు. 395 కొట్టాల్సింది 355కి ఆగిపోయాం, 39 పరుగుల తేడా. సిరీస్ 4-0 పోయింది. అక్కణ్ణుంచి అలాగే న్యూజీలాండు వెళ్ళి 3-1తో గెలిచారు. విదేశాల్లో మనకి మొదటి సిరీస్ గెలుపు అది. "సివానీకి దగ్గరగా ఉన్నది ఇదే, తిరుగుతూనే గెలిచారు" అన్నారాయన. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. జయసింహ ఒక్క టెస్టు లెక్కలోకొస్తే చాలా వాదనలు ఓడిపోతాయి.

బొర్రా గుహల స్టేషన్లో సగం బండి ఖాళీ అయింది. పిల్లలు లెక్క తప్పి 31 దగ్గరా 34 దగ్గరా తగువులాడుకుంటున్నారు. అప్పుడు పెదనాన్న మళ్ళీ అందుకున్నారు.

"మీరెవరూ రామస్వామి పేరెత్తలేదు."

నిజంగానే మర్చిపోయాను. కోటా రామస్వామి. మద్రాసు బుచ్చిబాబు నాయుడు గారి కొడుకు, మన తెలుగువాడే. 1922లో డేవిస్ కప్పు టెన్నిస్ ఆడినవాడు. 1936లో మాంచెస్టర్లో మొదటి టెస్టు ఆడేనాటికి 40 ఏళ్ళు నిండాయి. 40, 60. తరవాత ఓవల్లో 29, 41 నాటౌట్. సగటు 56.67. మళ్ళీ టెస్టు ఆడే అవకాశం రాలేదు. అదే ఓవల్లో సీకే కూడా, అప్పటికి ఆయనకీ నలభయ్యే, ఆలెన్ బంతి ఒంటికి తగిలినా నిలబడి ఆఖరి ఇన్నింగ్స్‌లో 81 చేశాడు. ఆయనకీ అదే చివరి టెస్టు. ఇంత గొడవలు పడిన జట్టులో, నెలల తరబడి రైళ్ళలో తిరిగి తిరిగి, ఆగస్టులో ఇద్దరు నలభయ్యేళ్ళ తెలుగువాళ్ళు ఒకే టెస్టులో నిలబడి పరుగులు తీశారన్నమాట. రామస్వామి 1985లో ఒకరోజు ఇంట్లోంచి బయటికెళ్ళిన మనిషి మళ్ళీ తిరిగి రాలేదు.

"విజ్జీ జట్టులోనేరా ఆడింది వాళ్ళిద్దరూ" అన్నారు పెదనాన్న. గెలిచినట్టు కాదు, ఊరికే గుర్తుచేసినట్టు.

శిమిలిగుడ దాటాక చలి మొదలైంది. స్వెట్టర్లు వెతుక్కునే హడావుడిలో వాదన ఆగిపోయింది. అరకులో దిగేటప్పుడు పెదనాన్న చెయ్యి పట్టుకుని దింపుతూ, "ఇంతకీ మీ వోటు 32కా, 36కా?" అని అడిగాను. "ముందు కాఫీ తాగుదాం పద" అన్నారు.