జికా వైరస్ టైమ్‌లో గర్భనిరోధకాలు వాడొచ్చా? విమానంలో పోప్ చెప్పిన మాట.. క్యాథలిక్ చర్చి రూల్ అసలేంటి?

పుట్టబోయే బిడ్డ మెదడును దెబ్బతీసే వైరస్ ఊరంతా తిరుగుతోంది. ఇప్పట్లో పిల్లల్ని కనొద్దని ప్రభుత్వం చెబుతోంది. కండోమ్, మాత్ర వాడితే పాపమని చర్చి చెబుతోంది. మరి ఆ ఇంటి ఆడపిల్ల ఎవరి మాట వినాలి?

2016లో లాటిన్ అమెరికాలో లక్షల మంది మహిళల ముందు నిలిచిన ప్రశ్న ఇది. ఆ ఏడాది ఫిబ్రవరిలో దివంగత పోప్ ఫ్రాన్సిస్ విమానంలో ఇచ్చిన ఒక్క సమాధానం ప్రపంచమంతా చర్చకు దారితీసింది. చర్చి రూల్ మార్చేసిందని కొందరన్నారు. ఏమీ మారలేదని ఇంకొందరన్నారు. ఇంతకీ ఏది నిజం? వివరంగా చూద్దాం.

అసలేం జరిగింది?

జికా కొత్త వైరస్ కాదు. 1947లో ఆఫ్రికాలోని ఉగాండాలో, జికా అనే అడవిలో ఒక కోతిలో దీన్ని తొలిసారి గుర్తించారు. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమే దీన్నీ మోసుకొస్తుంది. చాలామందికి లక్షణాలే కనిపించవు. కొందరికి కాస్త జ్వరం, దద్దుర్లు, కళ్లు ఎర్రబడటం, అంతే. అందుకే దశాబ్దాల పాటు దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2015లో బ్రెజిల్‌లో సీన్ మారిపోయింది. ముఖ్యంగా ఈశాన్య రాష్ట్రమైన పెర్నాంబుకోలో, తల చిన్నదిగా ఉన్న పిల్లలు పుట్టడం ఒక్కసారిగా పెరిగింది. దీన్ని మైక్రోసెఫలీ అంటారు. గర్భంలో ఉండగానే మెదడు ఎదుగుదల ఆగిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఫిట్స్, చూపు, వినికిడి సమస్యలు, మింగడంలో ఇబ్బంది ఉంటాయి. జీవితాంతం ఎవరో ఒకరు పక్కనే ఉండి చూసుకోవాలి.

జికా సోకిన తల్లులకు పుట్టే పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఇలాంటి సమస్యల ఆనవాళ్లు ఉంటాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) అంచనా. 2015 నవంబర్‌లో బ్రెజిల్ హెల్త్ ఎమర్జెన్సీ ప్రకటించింది. 2016 ఫిబ్రవరి 1న డబ్ల్యూహెచ్ఓ అంతర్జాతీయ ఎమర్జెన్సీ ప్రకటించింది. దోమ కాటుతోనే కాదు, శృంగారం ద్వారా కూడా జికా సోకుతుందని తేలడంతో టెన్షన్ ఇంకా పెరిగింది.

పిల్లల్ని కనొద్దన్న ప్రభుత్వాలు

2018 దాకా గర్భం రాకుండా చూసుకోవాలని ఎల్ సాల్వడార్ ప్రభుత్వం మహిళలకు సూచించింది. అంటే దాదాపు రెండేళ్లు. కొలంబియా కూడా కొన్ని నెలలు ఆగమని చెప్పింది.

అయితే ఇక్కడే అసలు చిక్కు. ఇవన్నీ క్యాథలిక్కులు ఎక్కువగా ఉండే దేశాలు. ఎల్ సాల్వడార్‌లో 1998 నుంచి అబార్షన్‌పై పూర్తి నిషేధం ఉంది. లాటిన్ అమెరికాలో సగానికి పైగా గర్భాలు ముందుగా అనుకోకుండా వచ్చేవే. పల్లెల్లో, మురికివాడల్లో ఉండేవాళ్లకు గర్భనిరోధకాలు సరిగా అందవు. జికా ఎక్కువగా దెబ్బకొట్టింది కూడా వాళ్లనే. ఇంట్లో కుళాయి నీళ్లు రాకపోతే డ్రమ్ముల్లో పట్టి పెట్టుకోవాలి. ఆ నీళ్లలోనే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది.

గర్భం వద్దని చెప్పడం తేలికే, దానికి కావాల్సిన సాధనాలు ఎవరిస్తారని మహిళా సంఘాలు నిలదీశాయి. గర్భనిరోధకాలు, అబార్షన్ సేవలు అందుబాటులోకి తేవాలని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కూడా ఆ దేశాలను కోరారు. బ్రెజిల్ బిషప్‌ల సమాఖ్య మాత్రం జికా పేరుతో అబార్షన్‌ను సమర్థించడం కుదరదని చెప్పింది.

విమానంలో పోప్ ఏమన్నారు?

2016 ఫిబ్రవరి 17. మెక్సికో పర్యటన ముగించుకుని పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌కు తిరిగెళ్తున్నారు. అలవాటు ప్రకారం విమానంలోనే మీడియాతో మాట్లాడారు. జికా విషయంలో అబార్షన్ గానీ, గర్భం రాకుండా చూసుకోవడం గానీ 'తక్కువ చెడు' కింద పరిగణించొచ్చా అని ఒక జర్నలిస్ట్ అడిగారు.

పోప్ సమాధానంలో మూడు విషయాలున్నాయి.

- అబార్షన్ తక్కువ చెడు కాదు, నేరం. ఒకరిని కాపాడటానికి ఇంకొకరిని చంపడం మాఫియా చేసే పని.

- గర్భం రాకుండా చూసుకోవడం మాత్రం సంపూర్ణ చెడు కాదు. ఈ రెండింటినీ కలిపి చూడొద్దు.

- గతంలో ఆఫ్రికాలో అత్యాచార ముప్పు ఉన్నప్పుడు నన్స్ (మఠకన్యలు) గర్భనిరోధకాలు వాడేందుకు పోప్ ఆరో పాల్ అనుమతించారు.

ఈ రోగానికి వ్యాక్సిన్ కనిపెట్టడానికి గట్టిగా కృషి చేయాలని కూడా ఆయన డాక్టర్లను కోరారు.

అయితే 'గర్భం రాకుండా చూసుకోవడం' అంటే సంయమనం పాటించడమా? కండోమ్, మాత్రలా? పోప్ విడమరిచి చెప్పలేదు. కానీ నన్స్ ఉదాహరణ ఇవ్వడంతో ఆయన మాట్లాడింది గర్భనిరోధకాల గురించేనని చాలామంది అనుకున్నారు. ఆ తర్వాత వాటికన్ ప్రతినిధి ఫాదర్ ఫెడెరికో లొంబార్డి వివరణ ఇచ్చారు. ప్రత్యేకమైన అత్యవసర పరిస్థితుల్లో గర్భనిరోధకాలు లేదా కండోమ్ వాడే అవకాశం గురించే పోప్ చెప్పారని, అది కూడా మనస్సాక్షిని సీరియస్‌గా పరీక్షించుకున్నాకేనని అన్నారు.

ఇంతకీ రూల్ ఏంటి?

1930 దాకా గర్భనిరోధకాలను దాదాపు అన్ని క్రైస్తవ చర్చిలూ తప్పనే అనేవి. ఆ ఏడాది ఆంగ్లికన్ చర్చి తొలిసారి పరిమితంగా ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబర్ 31న పోప్ పదకొండో పయస్ 'కాస్తీ కొన్నూబీ' అనే లేఖ విడుదల చేసి, క్యాథలిక్కులకు మాత్రం కుదరదని తేల్చేశారు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఒక వెసులుబాటు ఇచ్చారు. బలమైన కారణం ఉంటే, గర్భం వచ్చే అవకాశం లేని రోజులను లెక్కపెట్టుకుని కలవొచ్చు.

1960ల్లో గర్భనిరోధక మాత్ర వచ్చింది. దీనిపై చర్చి ఒక కమిషన్ వేసింది. అందులో మెజారిటీ సభ్యులు రూల్ సడలించొచ్చని చెప్పారు. కానీ పోప్ ఆరో పాల్ ఆ సిఫారసును పక్కనపెట్టారు. 1968 జులైలో 'హుమానే వీటే' లేఖతో పాత బోధననే ఖరారు చేశారు. ఇప్పటికీ ఇదే చర్చి అధికారిక వైఖరి.

ఆ లేఖ సారాంశం ఇదీ. దంపతుల కలయికలో ప్రేమ, సంతానం అనే రెండు అర్థాలున్నాయి. మనిషి కావాలని ఆ రెండింటినీ విడదీయకూడదు. అందుకే కండోమ్, మాత్రలు, ఆపరేషన్ తప్పు. సహజ పద్ధతిలో రోజులు లెక్కపెట్టుకోవడం ఓకే. ఇందులోనే ఇంకో పాయింట్ కూడా ఉంది. జబ్బు నయం చేయడానికి తీసుకునే మందు వల్ల గర్భం రాకుండా పోయినా అది తప్పు కాదు. ఉద్దేశం వైద్యం అయ్యుండాలి, అంతే. ఉదాహరణకు, నెలసరిలో విపరీతమైన రక్తస్రావానికి డాక్టర్ మాత్రలు రాస్తే చర్చికి అభ్యంతరం లేదు.

జికా విషయంలో ఈ పాయింట్ ఎందుకు పనిచేయదు? ఎందుకంటే ఇక్కడ గర్భనిరోధకం తల్లి జబ్బును నయం చేయదు. గర్భం రాకుండా ఆపడమే దాని పని. వివాదమంతా ఇక్కడే ఉంది.

కాంగో నన్స్ కథ ఎంతవరకు నిజం?

1960లో బెల్జియం నుంచి కాంగోకు స్వాతంత్ర్యం వచ్చాక అక్కడ హింస చెలరేగింది. నన్స్‌పై లైంగిక దాడుల ముప్పు ఏర్పడింది. ముందు జాగ్రత్తగా వాళ్లు మాత్రలు వాడొచ్చా అన్న ప్రశ్న వచ్చింది. 1961లో ఒక ఇటలీ క్యాథలిక్ పత్రికలో ముగ్గురు ప్రముఖ వేదాంత పండితులు దీనిపై రాశారు. వేర్వేరు కారణాలు చూపించినా, వాడొచ్చనే ముగ్గురూ చెప్పారు.

అప్పటికి ఆరో పాల్ ఇంకా పోప్ కాలేదు. ఆయన ఎన్నికైంది 1963లో. ఆయన పేరుతో అలాంటి అనుమతి పత్రం కూడా ఏదీ బయటకు రాలేదు. అంటే పోప్ ఫ్రాన్సిస్ చెప్పినంత సూటిగా ఈ కథ లేదు. కాకపోతే ఆ పండితుల వాదనను వాటికన్ ఖండించలేదు. క్యాథలిక్ పండితుల్లో చాలామంది దాన్ని ఒప్పుకుంటూ వచ్చారు.

ఇక్కడ సంప్రదాయవాదులు ఒక అభ్యంతరం లేవనెత్తారు. అత్యాచారంలో మహిళ ఇష్టం ఉండదు. అక్కడ మాత్ర ఆత్మరక్షణ కిందకు వస్తుంది. భార్యాభర్తలు ఇష్టంతో కలిసే విషయం వేరు. ఆ వెసులుబాటును జికాకు ఎలా వర్తింపజేస్తారన్నది వాళ్ల ప్రశ్న. దీనికి రెండో వర్గం కూడా గట్టిగానే బదులిచ్చింది. భర్త వద్దంటే ఆగని ఇళ్లు ఎన్ని లేవు? అలాంటి చోట 'ఇష్టం' అనే మాటకు అర్థమేంటని అడిగింది.

హెచ్ఐవీ టైమ్‌లోనూ ఇదే చర్చ

జికా కంటే ముందు ఆఫ్రికాలో హెచ్ఐవీ ఇదే ప్రశ్న లేవనెత్తింది. భార్యాభర్తల్లో ఒకరికి హెచ్ఐవీ ఉంటే కండోమ్ వాడొచ్చా?

- 2001: కండోమ్ ప్రచారాన్ని దక్షిణాఫ్రికా ప్రాంత బిషప్‌లు తప్పుబట్టారు. కానీ ప్రాణాపాయం నుంచి తనను తాను కాపాడుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని, ఇలాంటి దంపతులు తమ మనస్సాక్షిని వినాలని అన్నారు.

- 2006: ఇలాంటి దంపతుల విషయంలో కండోమ్ తక్కువ చెడు కావొచ్చని ఇటలీ కార్డినల్ కార్లో మరియా మార్తిని అన్నారు.

- 2009: కామెరూన్ వెళ్తూ విమానంలో పోప్ పదహారో బెనెడిక్ట్, కండోమ్‌లు పంచితే ఎయిడ్స్ సమస్య తీరదని, ఇంకా పెరుగుతుందని అన్నారు. శాస్త్రవేత్తలు, కొన్ని యూరప్ ప్రభుత్వాలు తీవ్రంగా విమర్శించాయి.

- 2010: అదే బెనెడిక్ట్ ఒక ఇంటర్వ్యూ పుస్తకంలో స్వరం కాస్త మార్చారు. సెక్స్ వర్కర్ లాంటి వ్యక్తి ఎదుటివారికి రోగం అంటకుండా కండోమ్ వాడితే, బాధ్యత వైపు అది తొలి అడుగు కావొచ్చన్నారు. దీంతో బోధన మారినట్టు కాదని వాటికన్ ఆ వెంటనే నోట్ ఇచ్చింది.

ఒకటి గమనించండి. హెచ్ఐవీలో కండోమ్ ఉద్దేశం రోగాన్ని ఆపడం. జికాలో భర్త నుంచి భార్యకు వైరస్ సోకకుండా ఆపేందుకైతే అదే వాదన పనికొస్తుంది. కానీ బిడ్డే పుట్టకుండా ఆపేందుకైతే, హుమానే వీటే వద్దన్నది సరిగ్గా దాన్నే. అందుకే జికా కేసు హెచ్ఐవీ కంటే క్లిష్టం.

సహజ పద్ధతి సరిపోదా?

సరిపోతుందని కొందరు బిషప్‌లు అన్నారు. కానీ ప్రాక్టికల్‌గా ఇబ్బందులున్నాయి. నెలసరి క్రమం తప్పేవాళ్లకు, పాలిచ్చే తల్లులకు రోజుల లెక్క అంత తేలిగ్గా కుదరదు. నేర్పించేవాళ్లు కావాలి, భర్త సహకరించాలి. పైగా గర్భం రాని రోజుల్లో కలిసినా వైరస్ మాత్రం సోకుతుంది. జికాకు క్యాలెండర్‌తో పనిలేదు. లక్షణాలు కనిపించవు కాబట్టి తనకు వైరస్ ఉన్నట్టు భర్తకే తెలియకపోవచ్చు. వీర్యంలో వైరస్ ఎక్కువ కాలం ఉండే అవకాశం ఉండటంతో, వైరస్ సోకే అవకాశమున్న పురుషులు కనీసం మూడు నెలలు కండోమ్ వాడాలి లేదా దూరంగా ఉండాలి అన్నది ఆ తర్వాతి డబ్ల్యూహెచ్ఓ సలహా.

మరి రూల్ మారిందా?

లేదు. పోప్ విమానంలో చెప్పే మాట చట్టం కాదు. ఆ తర్వాత హుమానే వీటేను మారుస్తూ ఏ పత్రమూ రాలేదు. కానీ ఒకటి మాత్రం జరిగింది. అబార్షన్, గర్భనిరోధకం ఒకే గాటన కట్టే విషయాలు కావని ఒక పోప్ అందరి ముందూ చెప్పారు. ప్రత్యేక పరిస్థితిలో దంపతులు మనస్సాక్షితో తేల్చుకోవచ్చన్న మాట వాటికన్ నోటి నుంచే వచ్చింది. ఊళ్లో ఫాదర్ దగ్గరికి వెళ్లి భయంభయంగా అడిగే ఒక తల్లికి ఈ తేడా చిన్నదేం కాదు.

మన దగ్గర పరిస్థితి?

జికా మన దేశానికీ వచ్చింది. 2018లో రాజస్థాన్‌లోని జైపూర్‌లో, 2021 జులైలో కేరళలోని తిరువనంతపురంలో కేసులు బయటపడ్డాయి. మన చట్టం ప్రకారం గర్భనిరోధకాలపై నిషేధం లేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తారు. 2021లో సవరించిన చట్టం ప్రకారం, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాలు దాటాక కూడా అబార్షన్‌కు అనుమతి ఉంటుంది.

జికాపై అంతర్జాతీయ ఎమర్జెన్సీని 2016 నవంబర్ 18న డబ్ల్యూహెచ్ఓ ఎత్తేసింది. ముప్పు పోయిందని కాదు, దీర్ఘకాలం పోరాడాల్సిన సమస్య అని చెబుతూనే ఎత్తేసింది. అప్పట్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికెళ్లే వయసులో ఉన్నారు. వాళ్లలో చాలామందిని తల్లులే ఒంటరిగా పెంచుతున్నారు. వచ్చే రోగం పేరు వేరే కావొచ్చు. ప్రశ్న మాత్రం మళ్లీ ఇదే వస్తుంది.