దొంగ ఎవరు? తుపాకి ఎవరిది? (వాడ చరిత్ర – 17వ భాగం)



మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక చర్చ మళ్లీ మళ్లీ వస్తోంది. బ్యాంకులో పైసలు తీసుకొని బండి డిక్కీలో పెట్టి చాయ్ తాగొచ్చేలోపు డిక్కీ పగిలిపోతుంది. ఆపి ఉన్న కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకపోతారు. మగవాళ్లు దుబాయ్, మస్కట్ పోయి తాళం వేసిన ఇండ్లల్లో బీరువాలు ఖాళీ అవుతాయి. ఇది చిన్న నష్టం కాదు. వడ్లు అమ్మిన పైసలో, బిడ్డ పెండ్లి కోసం గల్ఫ్‌లో ఏండ్లకేండ్లు చెమటోడ్చి కొన్న బంగారమో పోతే ఆ ఇల్లు కోలుకోవడానికి ఒక తరం పడుతుంది.

ఆ చర్చ కింద రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి: "అందరికీ తుపాకి లైసెన్సు ఇయ్యాలె, ఒకడు సస్తే మిగిలినోళ్లు బంద్ అయితరు." డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాడు ఒకరు "ఇక్కడ మా ఇంట్ల ఉంది, ధైర్యంగ పంటం" అని దానికి వంత పాడతాడు. రెండోది: "ఆ వాడ పోరగాండ్ల మీద జర కన్నేసి ఉంచుండ్రి."

ఈ రెండు మాటలు ఒకదాని పక్కన ఒకటి పుట్టడం వెనక పెద్ద చరిత్ర ఉంది. మన ప్రాంతంలో తుపాకి దొంగను వెతుక్కుంటూ లేచింది తక్కువ. ఎవరు ఆస్తిపరుడు, ఎవరు అనుమానితుడు అనే లెక్క చూసుకొని లేచింది ఎక్కువ. ఈ భాగంలో ఆ లెక్క విప్పుదాం.

చట్టం ఏమంటుంది

ఆత్మరక్షణ హక్కు మనకు చట్టం ఇచ్చిందే. పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు దాని గురించే. మన ఒంటినే కాదు, పక్కవాడి ఒంటిని, ఆస్తిని కూడా కాపాడుకోవచ్చు. కానీ హద్దులున్నాయి. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు.

ఆస్తి కోసం ఎదుటివాడి ప్రాణం దాకా వెళ్లగలిగేది కొన్ని సందర్భాల్లోనే: దోపిడీ, రాత్రివేళ ఇల్లు పగలగొట్టి చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం, చావో తీవ్ర గాయమో తప్పదనే సహేతుకమైన భయం కలిగించే దొంగతనం. డిక్కీలో బ్యాగు లాక్కొని ఉరుకుతున్నవాడి వీపు మీద కాల్చినవాడు ఈ లెక్కలోకి రాడు. తెల్లారేసరికి అతను హత్య కేసులో ముద్దాయి అవుతాడు.

తుపాకి సంగతి 1959 ఆయుధాల చట్టంలో ఉంది. అందులో 14వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ గురించి మన వాళ్లకు చాలామందికి తెలియదు. తగినంత ఆస్తి లేదనే ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదని అక్కడ రాసి ఉంది. అంత స్పష్టంగా రాయవలసి వచ్చిందంటే, అంతకుముందు ఆయుధం ఎవరి ఇండ్లలో ఉండేదో ఊహించుకోవచ్చు.

కావలి మనది, సొత్తు వాళ్లది

ఈ ఊర్లకు తరతరాలుగా కావలి కాసింది ఎవరు? సుంకరి, మస్కూరి, నీరడి, సేత్‌సింది. పేరు ఏదైనా ఎక్కువగా మాల మాదిగ ఇండ్ల నుంచి వచ్చినవాళ్లే. పట్వారీ దస్త్రాలు మోసుకొని తాలూకా కచేరీకి నడిచింది వాళ్లు. కల్లంలో వడ్ల రాశి పక్కన రాత్రంతా మేలుకున్నది వాళ్లు. చేతిలో ఉన్నది కర్ర. సొత్తు పోతే మొట్టమొదట నిలబెట్టి అడిగేది కూడా వాళ్లనే. తన గుడిసెకు తాళం వేసేంత సొత్తు లేనివాడు ఊరి సొత్తుకు జవాబుదారీ. 2023లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్‌ఏలను వేరే శాఖల్లో సర్దినప్పుడు నీరడి, మస్కూరు, లష్కరు అనే మాటలు మళ్లీ పేపర్లలో కనిపించాయి. ఆ పేర్ల వెనక ఉన్నది ఈ కథే.

మహారాష్ట్రలో మహర్లది ఇదే బతుకు. అందుకే బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. గుడి, బావి ఎంత ముఖ్యమో, జీతం లేని ఈ కావలి చాకిరీ నుంచి విడుదల కూడా ఆయనకు అంతే ముఖ్యం.

రెండు చట్టాలు, ఏడేండ్లు

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దేశాన్ని నిరాయుధం చేసే పని మొదలుపెట్టింది. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. దానికి సరిగ్గా ఏడేండ్ల ముందు, 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఒక చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలన్నది. రెండోది ఆయుధం ఎవరి చేతిలో ఉండాలో ప్రభుత్వమే తేలుస్తానన్నది. కోస్తాలో ఎరుకల వాళ్లను తెచ్చి పెట్టిన స్టువర్టుపురం ఆ మొదటి చట్టం నీడలో పుట్టిన ఊరే. సైన్యంలో తుపాకి పట్టి పనిచేసిన మహర్ల భర్తీని 1890ల మొదట్లో ఆపేశారు. సుబేదార్ రాంజీ కొడుకైన అంబేద్కర్ చిన్నప్పటి నుంచీ విన్న గాయం అది.

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. అది నేర్పిన చూపు మాత్రం రద్దు కాలేదు. 2018 మే నెల గుర్తు తెచ్చుకోండి. పార్థి ముఠా వచ్చింది, పిల్లల్ని ఎత్తుకపోతోందని వాట్సాప్‌లో పుకారు. తెలంగాణలో ఊర్లు రాత్రుళ్లు కర్రలతో కాపలా కాశాయి. గుంపుల చేతుల్లో అమాయకులు చచ్చిపోయారు. పార్థి అన్న పేరు నూటయాభై ఏండ్ల కింద సర్కారు రాసిన దొంగల జాబితా నుంచి వచ్చింది. ఆ రాత్రుల్లో కర్రల బదులు ఇంటికో తుపాకి ఉంటే ఎన్ని శవాలు లేచేవో ఆలోచించండి.

జగిత్యాలలో అడిగిన లెక్క

మన దగ్గర నిజాం రాజ్యం. ఇక్కడ తుపాకి గడీలో ఉండేది. వెట్టికి రానంటే ఏమవుతుందో గుర్తు చేయడానికి అది గోడకు వేలాడేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కూల్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకే. ఎదురుగా నిలబడ్డ జనం చేతుల్లో ఉన్నవి గుతుపలు, వడిసెలలు. ఆ తర్వాతే సాయుధ పోరాటంలో జనం చేతికి తుపాకులు వచ్చాయి.

ముప్పై రెండేండ్ల తర్వాత, 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. కూలీలు, చిన్న రైతులు వేలాదిగా పట్నానికి నడిచివచ్చారు. వాళ్ల కోరికలు మూడు: వెట్టి పోవాలి, దొరలు ఆక్రమించిన బంజరు భూములు పంచాలి, దండుగల పేరుతో వసూలు చేసిన పైసలు తిరిగి ఇయ్యాలి. ఈ మూడింటినీ దొంగతనం గురించిన ఫిర్యాదుగా చదివి చూడండి. మొదటిది పోయిన కష్టం, రెండోది పోయిన నేల, మూడోది పోయిన రొక్కం. మన ప్రాంత చరిత్రలో ఇంత పెద్ద దొంగతనం ఫిర్యాదు ఇంకోటి నాకు కనిపించదు. ఫిర్యాదుదారులు నేరుగా వీధిలోకి వచ్చి సొత్తు వాపసు అడిగారు.

దానికి జవాబేమిటి? అక్టోబరు 20న చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1948 నాటి చట్టం బయటికి తీశారు. నిషేధాజ్ఞలు దాటి గుమిగూడినవాళ్ల మీద, ఆయుధం పట్టినవాళ్ల మీద ప్రాణం పోయేలా కాల్పులు జరిపే అధికారం ఎస్సై స్థాయికి ఇచ్చే చట్టం అది. దొర ఇంట్లో తుపాకి ఉంటే అది ఆస్తి రక్షణ. కూలి చేతిలో కర్ర ఉంటే అది కల్లోలం.

ఆ తర్వాత దళాలు దొరల ఇండ్ల మీద పడి తుపాకులు పట్టుకపోయాయి. దొరలు కరీంనగర్, హైదరాబాద్ చేరారు. గడీలు కూలాయి. వాడలో తలెత్తి నడిచే రోజులు ఆ కాలంలోనే వచ్చాయన్నది నేను కాదనను. కానీ రెండు తుపాకుల మధ్య రెండు మూడు దశాబ్దాలు చచ్చిపోయినవాళ్లలో మన వాడల పిల్లలు ఎంతమందో మన స్మారక స్తూపాలే చెబుతాయి. తుపాకి దొర చేతి నుంచి వేరే చేతికి మారితే చాలు, మనకు రక్షణ వచ్చేస్తుందనే మాటను ఆ చరిత్ర తర్వాత నేను నమ్మలేను.

ఆ కాలపు ఎన్‌కౌంటర్ కేసులన్నింటిలోనూ పోలీసుల మాట ఒక్కటే: "ఆత్మరక్షణ కోసం కాల్చాం." చచ్చిపోయినవాడి మీద హత్యాయత్నం కేసు పెట్టి ఫైలు మూసేవారు. 2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని ప్రశ్నించింది. మనిషిని చంపితే ముందు కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ అనేది విచారణలో రుజువు చేసుకోవలసిన వాదన అని తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని వెంటనే నిలిపివేసింది. ఆ సూత్రం మాత్రం పట్టుకోవలసిందే. ఖాకీ వేసుకున్నా, కారు కొన్నా, కాల్చినవాడు జవాబు చెప్పాలి.

మన చేతిలో ఉన్న మూడో రూలు

1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. రెండు చోట్లా చంపడానికి వచ్చినవాళ్లు సాయుధులు, మనవాళ్లు ఉత్తచేతులతో ఉన్నారు. చుండూరులో పోలీసులు ఊర్లోనే ఉండగా ఎనిమిది మందిని నరికారు. కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి బయటికి వచ్చిన బొజ్జా తారకం, అంతకు ముందు మన పక్కన నిజామాబాద్‌లోనే అంబేద్కర్ యువజన సంఘం పెట్టి ఊరూరా తిరిగిన మనిషి. రక్షణ అంటే సంఘం, సంఘం వెనక చట్టం అని ఈ ప్రాంతానికి నేర్పినవాళ్లలో ఆయన ఒకరు.

1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో రూల్స్ వచ్చాయి. అందులో మూడో రూలు చదవండి. దాడులు జరిగే ప్రమాదం ఉన్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ ఎస్టీలు కానివారి తుపాకి లైసెన్సులు రద్దు చేసి ఆయుధాలను సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. దొంగ తుపాకులు పట్టుకోవాలి. అవసరమైతే ఎస్సీ ఎస్టీలకు ప్రాణరక్షణ, ఆస్తిరక్షణ కోసం లైసెన్సులు ఇవ్వాలి.

మన చేతికి తుపాకి ఇవ్వవచ్చని రాసిన రూలు ఇది. కానీ వరస చూడండి. ముందు బలవంతుడి తుపాకి దించు, తర్వాతే బలహీనుడి చేతికి ఇవ్వాలా అని ఆలోచించు. నా దృష్టిలో ఈ వరసే అసలు విషయం.

అమెరికా చెప్పే సంగతి

డల్లాస్ అన్నకు ఆ దేశపు చరిత్రే గుర్తు చేద్దాం. 1865లో బానిసత్వం పోగానే మిసిసిపీ రాష్ట్రం నల్లవాళ్లు అనుమతి లేకుండా తుపాకి ఉంచుకోకూడదని చట్టం చేసింది. 1892లో మెంఫిస్‌లో ముగ్గురు స్నేహితులను గుంపు చంపేశాక ఐడా బి. వెల్స్ నల్లవాళ్ల ఆత్మరక్షణ గురించి కలమెత్తింది. 1964లో లూసియానాలో పౌరహక్కుల కార్యకర్తల కాపలాకు డీకన్స్ ఫర్ డిఫెన్స్ పుట్టింది. 1967లో బ్లాక్ పాంథర్లు బాహాటంగా తుపాకులు పట్టి తిరిగితే కాలిఫోర్నియా ఆ సంవత్సరమే మల్ఫోర్డ్ చట్టం చేసి దాన్ని నిషేధించింది. తెల్లవాడికి హక్కుగా ఉన్నది నల్లవాడు పట్టగానే ప్రమాదమైంది. ఆ పాంథర్ల పేరే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్‌గా మన దాకా వచ్చింది.

మరి ఏం చేద్దాం

లైసెన్సు అడగడం మన హక్కు. ప్రాణభయం ఉన్న మన సర్పంచి, దాడి కేసులో సాక్షి, ఆర్టీఐ కార్యకర్త దరఖాస్తు పెడితే 14వ సెక్షన్, మూడో రూలు చూపించి గట్టిగా అడగాలి. తీసుకున్నవాళ్లు కాల్చడం నేర్చుకోవాలి. తూటాలు తీసి, తాళం వేసి, పిల్లలకు అందకుండా పెట్టాలి. పెండ్లి బరాత్‌లో బయటికి తీయకూడదు. ఎన్నికలప్పుడు అడిగితే ఠాణాలో జమ చేయాలి.

ఇంటింటికీ తుపాకి అనే మాటకు మాత్రం నేను ఒప్పుకోను. సిరిసిల్లను చూడండి. సాంచాలు ఆగి, అప్పు పెరిగి, నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న పట్నం అది. అలాంటి ఇంట్లో బీరువా మీద తుపాకి ఉంటే అది దొంగ వచ్చేదాకా ఆగుతుందా?

ఈ వారం చేయగలిగిన పని ఒకటి చెబుతాను. జిల్లాలో తుపాకి లైసెన్సులు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎస్సీ ఎస్టీలవి ఎన్ని, మూడో రూలు కింద గుర్తించిన గ్రామాలు ఏవి అని జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కలెక్టరేట్లలో సమాచార హక్కు కింద అడుగుదాం. పదిహేడో రూలు ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ఎప్పుడు కూర్చున్నదో కూడా అడుగుదాం. డిక్కీ పగిలిన వాళ్లంతా ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి వచ్చేదాకా ఠాణా వదలకండి. గ్రూపులో ఎవరైనా "ఆ వాడ పోరగాండ్లు" అని రాస్తే ఊరుకోకండి, సాక్ష్యం అడగండి.

వచ్చే భాగంలో దండుగల గురించి: పంచాయితీల్లో మన పెద్దల నుంచి వసూలు చేసిన పైసలు ఏ లెక్కల్లోకి పోయాయో చూద్దాం. మీ ఊర్లో పెద్దలు చెప్పిన సంగతులుంటే కింద రాయండి.

జై భీమ్.