కంచె ఇవతల నూరేళ్ళు

మన ఊళ్ళలో కొత్తగా అద్దెకు దిగిన ఇల్లాలిని పక్కింటావిడ పలకరించే తీరు అందరికీ తెలిసిందే. "మీదే ఊరమ్మా? పుట్టిల్లెక్కడ? పిల్లలెందరు?" ఈ మూడూ తేలితేగాని మాట ముందుకు సాగదు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరానికి కాపురానికి వెళ్ళిన మన తెలుగమ్మాయిలకు వీటితోపాటు నాలుగో ప్రశ్న కూడా ఎదురవుతుంది. "ఇంతకీ మీరే జట్టు?" అని! జట్టంటే క్రికెట్ జట్టు కాదు, ఫుట్‌బాల్ జట్టు. అదీ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, వాళ్ళు సొంతంగా కల్పించుకున్నది. "మాకే జట్టూ లేదండీ" అన్నారా, ఇంటిపేరు లేని మనిషిని చూసినట్టు జాలిగా చూసి, అక్కడికక్కడే తమ జట్టులో కలిపేసుకుంటారు.

ఆ ఆటకు నియమాలు 1859లో మెల్బోర్న్‌లోనే రాసుకున్నారు. క్రికెట్ ఆడే గుండ్రటి మైదానమే దానికీ చాలు. బంతి మాత్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని కాలితో తన్నవచ్చు, చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, కాని విసరకూడదు. పక్కవాళ్ళకివ్వాలంటే ఒక అరచేతిలో పెట్టుకుని, రెండో చేతి పిడికిలితో గుద్ది పంపాలి. రెండు కొసలా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెంటి మధ్య నుంచి తన్ని పంపితే 6 పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒకటి. పైనుంచి వచ్చే బంతిని అందుకోవడానికి ఎదుటివాళ్ళ భుజాలమీదికి కూడా ఎగురుతారు. చూసేవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. అందుకేనేమో చూడటం మొదలెట్టినవాళ్ళు మానలేరు.

ఇది మగవాళ్ళ ఆట అని చాలాకాలం అనుకున్నారు. ఆడేవాళ్ళ మాటకొస్తే నిజమే. చూసేవాళ్ళ మాటకొస్తే కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరినాటికే ఆ మైదానాల చుట్టూ ఆడవాళ్ళు బాగా కనిపించేవారు. ఆ రోజుల్లో తమ టోపీలు జారిపోకుండా జుట్టులోకి గుచ్చుకునే పొడవాటి సూదులుండేవి కదా, అవతలి జట్టువాడు కంచె పక్కగా వస్తే కొందరు వీరవనితలు ఆ సూదులకు పని చెప్పారని పాత పత్రికల్లో ఫిర్యాదులున్నాయి! మన జడపిన్నులు ఏనాడూ అంత సాహసం చేసి ఎరగవు.

అభిమానమంటే కేకలు వెయ్యడమొక్కటే కాదు. జట్టు రంగుల్లో మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డలు అల్లేది అమ్మలూ అమ్మమ్మలే. మరో ముచ్చట కూడా చెప్పాలి. ఆట మొదలయ్యే ముందు మైదానంలో పెద్ద కాగితపు తెర నిలబెడతారు. ఇంత ఎత్తున, రంగురంగుల కాగితాలు అతికించి, మీద జట్టును మెచ్చుకుంటూనో, ఎదుటి జట్టును ఆటపట్టిస్తూనో నాలుగు పంక్తులు రాసి ఉంటుంది. అభిమానులు, అందులో ఆడవాళ్ళూ, ముందే కూర్చుని జిగురు పూసి దాన్ని తయారుచేస్తారు. ఆటగాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి క్షణంలో దాన్ని చింపుకుని లోపలికి పోతారు. ఎంత శ్రమ వృథా అయిపోయిందని జాలిపడక్కర్లేదు. తెల్లవారుజామున లేచి వాకిట్లో ముగ్గు పెట్టి, పాలవాడు దానిమీదనుంచే సైకిలు పోనిస్తే చూస్తూ ఊరుకునేవాళ్ళం, మనకు ఆ రహస్యం ఒకరు చెప్పాలా?

అల్లారు, కేకలేశారు, కాగితాలు అతికించారు. ఆడతామని మాత్రం వాళ్ళకెప్పుడూ అనిపించలేదా? అనిపించింది, ఆడారు కూడా. 1915లో, మొదటి ప్రపంచయుద్ధం జరుగుతుండగా, పెర్త్ నగరంలో ఫాయ్ అండ్ గిబ్సన్ అనే పెద్ద దుకాణంలో పనిచేసే అమ్మాయిలు జట్లు కట్టి ఆడారు. 1918లో బల్లారట్ ఊళ్ళో మరో పోటీ జరిగింది. ఒకవైపు ల్యూకస్ కంపెనీలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే అమ్మాయిలు, ఇంకోవైపు మెల్బోర్న్‌లో సైనికుల దుస్తులు కుట్టే 'ఖాకీ' అమ్మాయిలు. యుద్ధకాలపు మంచిపనులకు డబ్బు పోగుచెయ్యడానికి ఆ ఆట పెట్టారు. యుద్ధానికి వెళ్ళిన తమ ఊరి సైనికుల పేర, ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు చొప్పున, మైళ్ళ పొడవున దాదాపు నాలుగువేల చెట్లు నాటించినది ఈ ల్యూకస్ అమ్మాయిలే. ఆ చెట్ల దారి బల్లారట్‌లో ఇప్పటికీ ఉంది.

1929లో అడిలైడ్ ఓవల్ మైదానంలో ఆడవాళ్ళ ఆట చూడటానికి 41,000 మంది వచ్చారు. ఆ జనాన్ని చూశాకైనా, ఆడవాళ్ళకూ ఏటా పోటీలు పెడదామని పెద్దలకు తోచి ఉండాలి. తోచలేదు. చందాలు కావలసివచ్చినప్పుడు ఆడవాళ్ళ ఆట మంచి వేడుక. చందాలు వసూలయ్యాక "ఇక ఇంటికి వెళ్ళండమ్మా" అనేవారు. మన ఇళ్ళలో పెళ్ళికి పాడమని బతిమాలి, మర్నాడు కచేరీ చేస్తానంటే వద్దనే పెద్దలను చూసినవాళ్ళకు ఇది వింత కాదు.

విక్టోరియా రాష్ట్రంలో మహిళల లీగ్ 1981లో నాలుగు జట్లతో మొదలైంది. ఆ తర్వాత కూడా చిన్నపిల్లల దగ్గర మెలిక అలాగే ఉండిపోయింది. ఆడపిల్లలు మగపిల్లలతో కలిసి కొన్నేళ్ళు ఆడుకోవచ్చు. పన్నెండో ఏడు దాటేసరికి ఆపెయ్యమనేవారు. 2003లో మెల్బోర్న్ శివార్లలో ముగ్గురు ఆడపిల్లలు "ఎందుకాపాలి?" అని ట్రిబ్యునల్‌కు ఎక్కారు. మరుసటి ఏడు వచ్చిన తీర్పు వాళ్ళకు పూర్తిగా అనుకూలం కాలేదు గాని, ఆ గొడవ పుణ్యమా అని ఆడపిల్లల కోసం వేరే పోటీలు మొదలయ్యాయి. ఆ ముగ్గురిలో ఒకరు పెన్నీ కులా-రీడ్. పిల్లప్పుడు పొమ్మనిపించుకున్న ఆవిడ, పెద్దయ్యాక కాలింగ్‌వుడ్ క్లబ్బు మహిళల జట్టులో చేరింది.

క్లబ్బులకు మహిళల జట్లు రావడం మాత్రం ఆలస్యమైంది. పెద్ద క్లబ్బుల పేరుమీద ఆడవాళ్ళ ప్రదర్శన పోటీ 2013లో జరిగింది. దేశం మొత్తానికి ఒక మహిళల లీగ్ 2020లో పెడదామని మొదట అనుకుని, తర్వాత 2017కే జరిపారు. ఎనిమిది జట్లు, ఒక్కొక్కదానికి ఏడేసి ఆటలు. చాలామంది ఆటగత్తెలకు ఆ ఏడాది ముట్టింది 8,500 డాలర్లు. అది పొట్టపోసుకునే జీతం కాదు; పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన.

"ఆడవాళ్ళ ఆట ఎవరు చూస్తారండీ?" అన్న పాత సందేహం అప్పటికీ పోలేదు. మొదటి ఆట ఒక చిన్న మైదానంలో అనుకున్నారు. జనం ఉత్సాహం చూసి ప్రిన్సెస్ పార్క్‌కు మార్చారు. 2017 ఫిబ్రవరి 3, శుక్రవారం సాయంత్రం కార్ల్టన్, కాలింగ్‌వుడ్ జట్ల మధ్య ఆట. ప్రవేశం ఉచితం. అమ్మమ్మలు, అమ్మలు, చంకలో పిల్లలు, మొహాలకు జట్టు రంగులు పూసుకున్న అమ్మాయిలు, వాళ్ళ వెనక నాన్నలు — 24,568 మంది. ఇక పట్టరని గేట్లు మూసేశారు. బయట ఇంకా జనం నిలబడే ఉన్నారు. లీగ్ పెద్ద గిలన్ మెక్‌లాక్లన్ స్వయంగా బయటికి వచ్చి, లోపలికి రానివ్వలేకపోయినందుకు వాళ్ళను క్షమించమని అడిగారు. నూరేళ్ళకు పైగా ఆడవాళ్ళను కంచె ఇవతలే నిలబెట్టిన ఆట కదా, ఒక్కసారైనా ఎవరో గేటు దగ్గరికి వచ్చి "క్షమించండి" అనడం బాగానే ఉంది!

ఆ రాత్రి తొలి గోలు కొట్టింది కాలింగ్‌వుడ్ అమ్మాయి జాస్మిన్ గార్నర్. ఆట మాత్రం 46–11తో కార్ల్టన్ గెలిచింది. ఓడిన జట్టు అభిమానులు కూడా నవ్వుతూ ఇళ్ళకు వెళ్ళిన ఆటలు ఆ దేశంలో అరుదు. అది అలాంటి ఆట.

ఇక 2019 సంగతి. ఆ ఏడాది మార్చిలో కార్ల్టన్ అమ్మాయి టేలా హారిస్ బంతిని తన్నుతూ గాలిలోకి ఎగిరిన ఫొటో ఒకటి వచ్చింది. కాలు తలకన్నా ఎత్తులో, చూపు బంతిమీద. దానికింద కొందరు నోటికొచ్చినట్టు రాశారు. ప్రచురించినవాళ్ళు ఆ రాతలను తీసెయ్యకుండా ఫొటోనే తీసేశారు! వీధిలో ఆకతాయిలున్నారని ఆడపిల్లను బడి మానిపించడం లాంటి న్యాయం ఇది. ఈసారి అభిమానులు ఊరుకోలేదు. గోలగోల చేసేసరికి ఫొటో తిరిగి వచ్చింది, క్షమాపణా వచ్చింది. ఆ సెప్టెంబరులో అదే భంగిమలో కంచు విగ్రహాన్ని మెల్బోర్న్ నడిబొడ్డున ఆవిష్కరించారు.

ఆ మార్చి 31నే ఫైనల్. అడిలైడ్, కార్ల్టన్ జట్లు. స్థలం అదే అడిలైడ్ ఓవల్, 1929లో 41,000 మంది వచ్చి వెళ్ళిపోయిన చోటు. తొంభై ఏళ్ళకు అక్కడికి 53,034 మంది వచ్చారు.

అడిలైడ్ నాయకురాళ్ళలో ఒకరు ఎరిన్ ఫిలిప్స్. తండ్రి గ్రెగ్ ఫిలిప్స్ పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. చిన్నప్పుడు మగపిల్లలతో సమంగా ఆడిన ఎరిన్‌కు, ఒక వయసొచ్చాక ముందు దారి లేక బాస్కెట్‌బాల్‌కు మళ్ళింది. అందులో దేశం తరఫున ఆడింది, అమెరికాలో ఆడింది. మహిళల లీగ్ పుట్టేసరికి ఆమెకు 31 ఏళ్ళు. ఆటలు మానుకునే వయసులో తన మొదటి ఆటకు తిరిగి వచ్చి, తొలి ఏడాదే లీగ్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి అనిపించుకుంది. ఆ ఫైనల్లో మూడో భాగంలో మోకాలు తిరిగి కింద పడింది. లేవలేకపోయింది. ఆమెను బయటికి తీసుకువెళుతుంటే మైదానం చుట్టూ జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎదుటి జట్టు అమ్మాయిలు కూడా దగ్గరికి వచ్చి ఓదార్చారు. ఆమె మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. అడిలైడ్ 63–18తో గెలిచింది. ఆ చప్పట్లు గెలుపు కోసం కాదు. పదమూడు పధ్నాలుగేళ్ళకు ఏదో ఒకటి ఆపేసుకున్న ఆడవాళ్ళు ఆ జనంలో ఎందరో ఉండి ఉంటారు. మనలో లేరా?

కథ ఇక్కడ ఆపితే శుభం కార్డు వేసుకోవచ్చు. కాని అభిమానుల అసలు పరీక్ష ఆ తర్వాతే. 2020లో కరోనా వచ్చి విజేత లేకుండానే పోటీలు ఆగిపోయాయి. 2022లో ఒకే ఏడాది రెండు సీజన్లు జరిగాయి. ఆ ఆగస్టు నుంచి జట్లు 18 అయ్యాయి, సీజన్ వేసవి నుంచి ఆగస్టు–నవంబరుకు మారింది. ఆ నెలల్లోనే మగవాళ్ళ పోటీల చివరి ఘట్టం. ఇల్లంతా అటు చూస్తుంటే ఇటెవరు చూస్తారు? ఉచిత ప్రవేశమూ పోయి టిక్కెట్లు వచ్చాయి. 2024లో కొన్ని ఆటలు వారం మధ్యలో పెట్టారు. మర్నాడు బడి ఉన్న పిల్లలను రాత్రిపూట ఏ తల్లి తీసుకువస్తుంది? రెండు మూడు వేలమందితోనే జరిగిన ఆటలు ఎన్నో ఉన్నాయి.

పైగా ఇక్కడో లెక్క ఉంది. మగవాళ్ళ జట్టు ఏడాదికి 23 ఆటలు ఆడుతుంటే, 2025లో ఆడవాళ్ళు ఆడినవి 12. వాటిని 14కు పెంచాలంటే ఆటకు సగటున 6,000 మంది మైదానానికి రావాలి, లక్షమంది టీవీలో చూడాలి అని లీగ్ షరతు పెట్టింది. పిల్లకు తిండి సగం పెట్టి, బరువు పెరిగితే మిగతా సగం పెడతామన్నట్టుంది కదూ! న్యాయమో కాదో అలా ఉంచి, దాని ఫలితం ఒకటుంది. ఆ మైదానాల్లో ప్రతి మనిషీ లెక్కలోకి వస్తుంది. చలిగాలిలో దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులో టీ పట్టుకుని వచ్చిన ముసలావిడ కూడా వచ్చే ఏడాది ఆటలెన్నో తేల్చే లెక్కలో ఒక అంకె.

అందుకే కొత్త సీజన్ వస్తోందంటే అక్కడి అభిమానురాళ్ళ హడావుడి మగవాళ్ళ ఆటల హడావుడిలాంటిది కాదు. ఎవరు జట్టు మారారు, ఎవరి మోకాలు నయమైంది, ఎవరు బాలింతరాలై తిరిగి వస్తున్నారు అని మాట్లాడుకుంటూనే, "ఈసారి ఇద్దరిని వెంటబెట్టుకు రా" అని ఒకరికొకరు చెప్పుకోవలసి వస్తోంది.

ఆట అయిపోయాక ఆటగత్తెలు కంచె వెంబడే నడుస్తూ సంతకాలు పెడతారు. చిన్నపిల్లలు కంచెమీదికి వంగి చేతులు చాస్తారు. ఒకప్పుడు అదే కంచె ఇవతల నుంచి సూదులు గుచ్చిన ముత్తవ్వల మునిమనవరాళ్ళు కూడా వాళ్ళలో ఉండే ఉంటారు. ఆ పిల్లలకు ఇప్పుడు సూదులతో పనిలేదు, ఓ కలం ఉంటే చాలు. సంతకం పెట్టించుకుని, పధ్నాలుగేళ్ళు నిండినా ఎవరూ ఆపరన్న ధీమాతో బంతి తన్నుకుంటూ ఇంటికి పోతారు.