అలీ ముహ్సిన్ అల్ బర్వానీ: 33 రోజుల ప్రభుత్వంలో మంత్రి

తూర్పు ఆఫ్రికా తీరానికి చేరువలో, లవంగాలకు ప్రసిద్ధి చెందిన ద్వీపరాజ్యం జంజిబార్. 1890 నుండి బ్రిటిషు వారి రక్షణలో, ఒమాన్ వంశపు సుల్తానుల పేరిట పాలన సాగింది. 1963 డిసెంబరు 10న అది స్వతంత్రమైంది. సరిగ్గా 33 రోజులకు, 1964 జనవరి 12న, ఆ ప్రభుత్వం కూలిపోయింది. అందులో విదేశాంగ మంత్రి అలీ ముహ్సిన్ అల్ బర్వానీ.

1919లో జన్మించిన ఆయన ఉగాండాలోని మకెరేరే కళాశాలలో వ్యవసాయ విద్య నభ్యసించారు. తరువాత 'మ్వొంగోజి' అనే పత్రికకు సంపాదకులయ్యారు. ఆ స్వాహిలీ మాటకు మార్గదర్శి అని అర్థం. 1955లో ఏర్పడిన జంజిబార్ నేషనలిస్టు పార్టీకి ఆయనే ప్రధాన నాయకులు. శాసనసభకు జాతుల వారీగా సభ్యులను నియమించే బ్రిటిషు పద్ధతి పోవాలనీ, అరబ్బు, షీరాజీ, ఆఫ్రికన్, భారతీయుడు అన్న భేదం లేకుండా అందరికీ ఒకే ఓటర్ల జాబితా ఉండాలనీ ఆ పార్టీ పట్టుబట్టింది. ద్వీపవాసుల్లో దాదాపు అందరూ ముస్లిములే గనుక ఈ మాట చెల్లుతుందని అనిపించడం సహజం.

కాని భూమి, తోటలు, పెద్ద ఉద్యోగాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో కూలివానికి తెలుసు. బానిస వ్యాపారపు జ్ఞాపకం కూడా చెరిగిపోలేదు. 1957 ఎన్నికల్లో అలీ ముహ్సిన్ శ్రామికులు నివసించే న్‌గాంబోలో నిలబడి, పూర్వం నావికుడైన అబీద్ కరూమే చేతిలో ఓడిపోయారు.

1963 జులై ఎన్నికల లెక్క ఇంకా విచిత్రం. కరూమే నాయకత్వంలోని ఆఫ్రో షీరాజీ పార్టీకి 54 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 31లో 13. నేషనలిస్టులకు 12, వారి మిత్రపక్షానికి 6. చట్టప్రకారం ప్రభుత్వం వీరిదే. అయితే సగానికి మించిన ఓటర్లు తమ వెంట లేరన్న సంగతిని వీరు మనసుకు పట్టించుకున్నట్లు కనబడదు. ప్రధాన భూభాగం నుండి వచ్చిన పోలీసులను ఉద్యోగాల నుండి తొలగించారు. వారిలో పలువురు విప్లవకారులతో కలిశారు. పార్టీలోని సమర్థుడైన కార్యకర్త అబ్దుర్రహ్మాన్ బాబూ అంతకు ముందే విడిపోయి వేరు పార్టీ పెట్టుకున్నాడు.

విప్లవంలో వేలాదిమంది, ముఖ్యంగా అరబ్బులు, హతులయ్యారు. చంపినవారిలోనూ అదే ఖిబ్లా వైపు నిలిచి నమాజు చేసేవారు ఉన్నారు. ఈ సంగతిని దాటవేసి జంజిబార్ చరిత్ర వ్రాయడం న్యాయం కాదు.

అలీ ముహ్సిన్ పదేళ్ళు విచారణ లేకుండానే టాంజానియా జైళ్ళలో ఉన్నారు. 1974లో విడుదలై, దేశం విడిచి, ప్రవాసంలోనే శేషజీవితం గడిపారు.

ఖుర్ఆన్‌కు స్వాహిలీలో తొలి పూర్తి అనువాదాన్ని 1923లో ప్రచురించినవాడు గాడ్‌ఫ్రే డేల్ అనే క్రైస్తవ మిషనరీ. జంజిబార్ పండితులు షేఖ్ అబ్దుల్లా సాలిహ్ ఫార్సీ అనువాదం 1969లో వెలువడింది. కైరోలో సిద్ధమైన 'అల్ ముంతఖబ్' వ్యాఖ్యానాన్ని ఆధారం చేసుకొని అలీ ముహ్సిన్ చేసిన అనువాదం 1995లో వచ్చింది. 2006 మార్చి 20న మస్కట్‌లో ఆయన మరణించారు. స్వాహిలీ పాఠకులు ఆ అనువాదాన్ని నేటికీ చదువుతున్నారు.